నీ పేరుతో పిలిచే ఊరి నుంచి

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ నిన్న రాత్రి నేను పనిచేసే ఆక్వా చెరువు గట్టు మీద కూర్చుని మూడుసార్లు విన్నాను. "నాన్నా, నీకు ఆ ఊరంటే ప్రాణం కదా. నేను దాచుకున్న డబ్బుతో సముద్రం పక్కన కాస్త స్థలం కొందాం. మీ సూపర్‌వైజర్ పేరు మీద రాయిద్దాం. రిటైరయ్యాక అమ్మా నువ్వూ అక్కడే ఉండొచ్చు" అన్నావు. వింటుంటే కళ్ళు చెమర్చాయి. కానీ ఆ పని వద్దమ్మా. ఫోన్లో అయితే నువ్వు వాదిస్తావు, నేను మెత్తబడతాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నేనున్న ఊరు ఇండోనేషియాలో లొంబోక్ దీవికి తూర్పు ఒడ్డున, లబుహాన్ లొంబోక్ రేవుకి దగ్గర్లో ఉంది. ఎదురుగా ఆలస్ జలసంధి, దాని అవతల సుంబావా దీవి. పొద్దున్నే సుంబావా కొండల మీద నుంచి సూర్యుడు లేస్తాడు. వెనక్కి తిరిగితే 3,726 మీటర్ల రింజాని అగ్నిపర్వతం. సుబహ్ నమాజుకి మసీదు మైకు మోగేసరికి పడవలు ఒడ్డుకి వస్తుంటాయి. ఆడవాళ్ళు తట్టలు పట్టుకుని నీళ్ళలోకే ఎదురు వెళతారు. అంతర్వేది రేవులో నీ చిన్నప్పుడు చూసిన సందడే ఇది. చీరల బదులు సరోంగులు, అంతే.

నీకు ఇంతవరకూ చెప్పని సంగతి ఒకటుంది. ఈ దీవి స్థానికులైన సాసక్ వాళ్ళలో బిడ్డ పుట్టాక తల్లిదండ్రులని సొంత పేరుతో పిలవరు. తండ్రి అయితే 'అమాక్', తల్లి అయితే 'ఇనాక్' అని, పక్కన పెద్ద బిడ్డ పేరు చేరుస్తారు. చెరువు దగ్గర నేను అందరికీ 'పాక్'నే, అంటే మన 'అయ్యగారు' లాంటి పిలుపు. కానీ ఇంటి దగ్గర, మొదటి నెలలోనే పక్కింటి ఇనాక్ నీ పేరేమిటని అడిగింది. ఆ రోజు నుంచి ఈ వీధిలో నేను 'అమాక్' పక్కన నీ పేరునే. కిరాణా కొట్టులో, మసీదు ముందు, చేపల దగ్గర, రోజుకి ఇరవైసార్లు నీ పేరు వింటాను. ఇంటికి ఇంత దూరంలో ఇన్నేళ్ళు ఉండగలిగానంటే అందులో దాని సాయం చాలా ఉంది.

ఇక స్థలం సంగతి. ఇండోనేషియాలో భూమికి మూలం 1960లో వచ్చిన మౌలిక భూమి చట్టం. పూర్తి హక్కుని 'హక్ మిలిక్' అంటారు. అది ఇండోనేషియా పౌరులకి మాత్రమే. మన ఏజెన్సీలో గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనకుండా 1/70 చట్టం ఉంది చూడు, ఇక్కడ పరాయి దేశం వాళ్ళ విషయంలో అంత గట్టిది ఇది. అయినా బినామీలు ఇక్కడా ఉన్నారు. దాన్ని 'పిన్జామ్ నామా' అంటారు, అంటే పేరు అరువు తీసుకోవడం. 'నామా' మన నామమే. ఆ చట్టంలో 26వ అధికరణం ఏం చెబుతుందంటే, విదేశీయుడికి నేరుగా గానీ దొడ్డిదారిన గానీ హక్కు దక్కేలా చేసిన అమ్మకం చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన డబ్బు వెనక్కి అడగడానికి లేదు. ఈ చివరి ముక్క రెండుసార్లు చదువు తల్లీ. డబ్బు వెనక్కి రాదు.

ఇది నా కళ్ళ ముందే జరిగింది. పక్క చెరువుల్లో పనిచేసిన ఒకాయన, ఏ దేశమో ఎందుకులే, తన డ్రైవర్ పేరు మీద నాలుగు ఆర్లు కొన్నాడు. ఆర్ అంటే వంద చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు రెండున్నర సెంట్లు. డ్రైవర్ మంచివాడే, మాట తప్పే మనిషి కాదు. కానీ గుండెపోటుతో పోయాడు. భార్య, ముగ్గురు పిల్లలు, ముసలి తల్లి, అందరూ వారసులే. వాళ్ళకి ఆ ఒప్పందం సంగతే తెలియదు. తెలిసినా, ఇంట్లో సంపాదించే మనిషి పోయాక కాగితం మీద ఉన్న స్థలాన్ని ఎవరు వదులుకుంటారు? వాళ్ళని తప్పు పట్టలేను. ఆయన ఎవరి దగ్గరా గట్టిగా అడగలేక, కోర్టుకి వెళ్ళలేక దేశం వెళ్ళిపోయాడు. నువ్వు చెప్పిన సూపర్‌వైజర్ బంగారం లాంటి కుర్రాడు. అందుకే అతని నెత్తిన ఈ బరువు పెట్టడం నాకు ఇష్టం లేదు. రేపు అతని అన్నదమ్ములతో గొడవ వస్తే మనం ఏ ముఖం పెట్టుకుని వెళ్తాం?

సక్రమమైన దారి లేకపోలేదు. ఇక్కడ నివాస అనుమతి ఉన్నవాళ్ళకి 'హక్ పకాయ్', అంటే వాడుకునే హక్కు ఇస్తారు. ఇంటికైతే ముందు 30 ఏళ్ళు, తర్వాత 20, ఆ పైన 30. దానికి కనీస ధర కూడా పెట్టారు, అది మన తాహతుకి మించింది. పైగా నా వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంది. ఇంకో సంగతి, నువ్వు పంపిన వీడియోలో అలలకి ఇరవై అడుగుల్లో కనిపించిన ప్లాటు. పోటు నీరు చేరే గీత నుంచి కనీసం వంద మీటర్లు తీరం పట్టీగా వదలాలని ఇక్కడ నియమం. అక్కడ ఇల్లు కడతామని ఎవరైనా అంటే నమ్మకు. ఊళ్ళో చాలామంది దగ్గర సర్టిఫికెట్ కూడా ఉండదు, 'పిపిల్' అనే పాత శిస్తు కాగితమో, గ్రామ పెద్ద సంతకం ఉన్న ఉత్తరమో ఉంటుంది. తాత పేరు మీద ఉన్న పొలానికి మనం పాసుపుస్తకం కోసం ఎన్నిసార్లు తిరిగామో గుర్తుందా? అదే కథ.

చట్టం అడ్డు లేకపోయినా నాకు మనసొప్పదమ్మా. మా ఇంటి ఓనరు కుటుంబానికి ఒకప్పుడు సముద్రం వైపు కొబ్బరి తోట ఉండేది. మన కోనసీమ నుంచి గల్ఫ్‌కి వెళ్ళినట్టు ఇక్కడి కుర్రాళ్ళు మలేషియా పామాయిల్ తోటలకి వెళతారు. పెద్ద కొడుకుని పంపడానికి ఏజెంటుకి కట్టాలని ఆ తోట అమ్మేశారు. ఇప్పుడు దానికి కంచె వేసి ఉంది. ముసలాయన సాయంత్రం అక్కడిదాకా నడిచి వెళ్ళి, కంచె ఇవతల కూర్చుని వస్తాడు. ఏమీ మాట్లాడడు. నేను చెరువుల పని మీద బతికే మనిషిని. మన వైపు చేలు చెరువులయ్యాక బావి నీళ్ళు ఉప్పుబడటం చూశాను, దానిలో నా చెయ్యీ ఉంది. ఇంకొకరి తోటకి ఇంకో కంచె నా పేరున లేవకూడదు.

ఇల్లు మాత్రం అద్దెకి హాయిగా ఉంది. ఇక్కడ అద్దె నెలనెలా కాదు, ఏడాదికో రెండేళ్ళకో ఒకేసారి ముందే కడతారు. ఇంకో ఏడాదికి కట్టేశాను. 2018 జులై, ఆగస్టుల్లో వచ్చిన భూకంపాల్లో ఈ దీవిలో 500 మందికి పైగా పోయారు. ఆగస్టు 19న వచ్చినది ఈ తూర్పు వైపే. ఇటుక గోడలు కూలిన చోట వెదురు, చెక్క ఇళ్ళు నిలబడ్డాయని పక్కింటి ఇనాక్ చెబుతుంది. వాళ్ళు నెలల తరబడి టార్పాలిన్ల కింద పడుకున్నారట. ఆ రాత్రుల్లో ఎవరింట్లో బియ్యం ఉంటే వాళ్ళు వండి, ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తినేవాళ్ళట. ఒకే పళ్ళెంలో కలిసి తినడాన్ని 'బెగిబుంగ్' అంటారు. పండగల్లో నన్నూ కూర్చోబెడతారు. నేను మాంసం తిననని నా వైపు ప్రత్యేకంగా ప్లెచింగ్ కాంగ్‌కుంగ్ పెడతారు. తూటికూర ఉడకబెట్టి పైన టమాటా, మిరపకాయ పచ్చడి వేస్తారు. మామూలుగా అందులో రొయ్యల ముద్ద కలుపుతారు, నాకోసం అది లేకుండా వేరే నూరుతుంది ఇనాక్.

నువ్వు ఇల్లు కట్టించొద్దు, ఒకసారి వచ్చి ఉండు. వానలు నవంబరు నుంచి మార్చి దాకా. జూన్‌లోనో జులైలోనో రా. కౌలాలంపూర్ మీదుగా లొంబోక్‌కి విమానం ఉంది. వీసా దిగాక ఇస్తారు, 5,00,000 రుపియాలు, 30 రోజులు. ఎయిర్‌పోర్టు ప్రాయా దగ్గర, అక్కడి నుంచి ఇంటికి కారులో రెండు గంటలు. నేనే వస్తాను. స్కూటర్ అద్దెకి తీసుకుంటానంటే మాత్రం ఒప్పుకోను, ఘాట్ రోడ్లలో లారీల టెన్షన్ నాకొద్దు. ఊళ్ళోకి గుర్రబ్బండి ఉంది, 'చిడొమో' అంటారు. ఒక రోజు కయాంగన్ రేవులో ఫెర్రీ ఎక్కి సుంబావా వెళ్ళొద్దాం, రెండు గంటల లోపే. ఇంకో రోజు దక్షిణాన సాడె ఊరికి. అక్కడ నేల గేదె పేడతో అలుకుతారు. మీ అమ్మ క్రితం ఏడాది అది చూసి గడప దగ్గరే నిలబడిపోయింది, "మా అమ్మమ్మ ఇల్లే" అంది.

వచ్చేటప్పుడు గోంగూర పచ్చడి రెండు సీసాలు తీసుకురా, ఒకటి పక్కింటికి. టికెట్ తేదీ తేలగానే చెప్పు. నీ పేరు గల మనిషిని చూడాలని వీధి పిల్లలు అడుగుతున్నారు. నిన్ను చూశాక నన్ను ఏమని పిలవాలో వాళ్ళకి ఇంకా బాగా నోరు తిరుగుతుంది.

మీ నాన్న