వార్షిక నివేదిక: విద్యా విభాగం – బ్రిజిడ్ పండుగ పాఠాలు

సభ్యులకు నమస్కారం.

ఐరిష్ క్రైస్తవ సాధ్వి సెయింట్ బ్రిజిడ్ పండుగకు ఐర్లండ్‌లో 2023 నుంచి ప్రభుత్వ సెలవు ఇస్తున్నారు. ఆ సెలవు ఎందుకో మన పిల్లలకు తెలియాలని ఈ ఏడాది ఆదివారం బడిలో అన్ని పాఠాలనూ ఈ పండుగ చుట్టూనే అల్లాం. ఒక్కో సబ్జెక్టుకు రంగులు వేసే కాగితం ఒక్కోటి పంచడం మాకు ఇష్టం లేదు. అందుకే అన్ని సబ్జెక్టులకూ, కాడలతో అల్లి గుమ్మం పైన కట్టే బ్రిజిడ్ శిలువనే పట్టుకున్నాం.

ఒక శిలువకు 30 సెంటీమీటర్ల రష్ (తడినేలల్లో పెరిగే, గడ్డిలాంటి మొక్క) కాడలు 17 కావాలి. ఒకటి నిలువుగా పట్టుకోవాలి. రెండోదాన్ని సగానికి మడిచి, దాని నడుమకు తగిలించి, కొసలు కుడివైపు ఉంచాలి. ఆ కొసలు పైకి వచ్చేలా మొత్తాన్ని అపసవ్యంగా 90 డిగ్రీలు తిప్పి, తర్వాతి కాడను మళ్లీ కుడివైపుకే మడవాలి. ఇలా పదహారు మడిస్తే రెక్కకు నాలుగు చొప్పున వస్తాయి. మధ్యలో ఒక్కసారి తిప్పే దిశ మారినా నడిమి చతురస్రం వదులైపోతుంది. చిన్నపిల్లలను ఇద్దరేసి కూర్చోబెట్టాలి: ఒకరు నడుమ నొక్కిపట్టుకుంటే ఇంకొకరు మడవాలి. ఎండిన కాడ మడత దగ్గర చిట్లుతుంది, పచ్చిదే వాడాలి. ఆరాక కాడలు సన్నబడి దారం జారిపోతుంది, కాబట్టి కొసలకు రబ్బరు బ్యాండే మేలు.

లెక్కల పాఠం చేతిలోనే ఉంది: పావు చుట్టు తిప్పినా శిలువ అలాగే కనిపిస్తుంది, అద్దంలో మాత్రం రెక్కలు ఎదురు తిరుగుతాయి. సైన్సుకు కాడను అడ్డంగా కోస్తే చాలు. మన తుంగ కాడ మూడు పలకలుగా ఉంటుంది, ఇది గుండ్రం. లోపలి తెల్లని బెండును పూర్వం కొవ్వులో ముంచి దీపంగా వెలిగించేవారు.

పెద్ద తరగతికి క్యాలెండరు లెక్క ఇచ్చాం. సెలవు ఫిబ్రవరి మొదటి సోమవారం. 1వ తేదీ శుక్రవారమైతే ఆ రోజే. మళ్లీ అలా ఎప్పుడు వస్తుంది? 2030లో.

భాషా పాఠం మాకెంతో నచ్చింది. పండుగ ఐరిష్ పేరు ‘లా ఏల్య బ్రీడ్య’. పండుగ అనే మాట విడిగా ‘ఫేల్య’; ఇక్కడ మొదటి ‘ఫ’ పక్కన ‘హెచ్’ చేరి పలకకుండా పోతుంది. ‘వాడు గొట్టె’లో క, గ అయినట్టే పక్క మాటను బట్టి మొదటి అక్షరం మారుతుందన్నమాట. గసడదవాదేశం చదివిన పిల్లలు దీన్ని చటుక్కున పట్టేశారు.

వచ్చే ఏడాదికి కాడలు తెచ్చే సభ్యులు పొలం యజమానిని ముందే అడగాలి, తరగతికి ముందురోజే కోసి తడిగుడ్డలో చుట్టి తేవాలి.