అరెస్టుతో ఆగే నేరకథలు

సంపాదకులకు నమస్కారం.

1998లో సోనీ టీవీలో బి.పి. సింగ్ సారథ్యంలో మొదలై 2018 వరకు సాగిన ‘సీఐడీ’ ధారావాహిక, 2024 డిసెంబరులో అదే ఏసీపీ ప్రద్యుమ్న్, అభిజీత్, దయా పాత్రలతో మళ్లీ ప్రారంభం కావడం చిన్ననాటి నుంచి దాన్ని చూసిన నాకు ఎంతో సంతోషం కలిగించింది. అయితే పాత పాత్రలతో పాటు పాత లోపాన్నీ తేవలసిన పని లేదు. నిందితుడు నేరం ఒప్పుకోగానే ఉరి తప్పదని దర్యాప్తు అధికారే ప్రకటించడంతో తరచుగా కథ ముగిసిపోతుంది. పోలీసు అధికారి ఎదుట చేసిన ఒప్పుకోలును నిందితుడిపై రుజువుగా వాడరాదని భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ చెబుతున్నా, ఆ రక్షణ ఒకటుందన్న స్పృహే ప్రేక్షకుడికి కలగదు. అమెరికాలో డిక్ వుల్ఫ్ 1990లో ప్రారంభించిన ‘లా అండ్ ఆర్డర్’ 2010లో ఆగి 2022లో తిరిగొచ్చినప్పుడు కూడా, సగం దర్యాప్తు, సగం న్యాయవిచారణ అనే తన పద్ధతిని వదులుకోలేదు. ‘షికాగో’, ‘ఎఫ్‌బీఐ’ శ్రేణులను కూడా నడిపిస్తున్న అంతటి నిర్మాత కోర్టుకు ఇంత చోటిచ్చినప్పుడు, మన నిర్మాతలు కనీసం కొన్ని భాగాలలోనైనా కేసును న్యాయమూర్తి ముందుకు తీసుకెళ్లాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, హనుమకొండ