కాకపో గుడ్లగూబ కాదు, చిలుక

సంపాదకులు గారికి,

గత ఆదివారం మీ పత్రిక పిల్లల పేజీలో న్యూజిలాండ్‌కు చెందిన కాకపోను ‘ఎగరలేని గుడ్లగూబ’ అని రాశారు. గుండ్రటి ముఖం, రాత్రి సంచారం చూస్తే ఆ పొరపాటు సహజమే గాని, అది నిజానికి చిలుక. నేడున్న చిలుకలన్నింటిలోకీ బరువైనది, ఎగరలేనిది అదొక్కటే.

మనుషులు రాకముందు ఆ దీవుల్లో గబ్బిలాలు తప్ప నేలపై వేరే క్షీరదాలు లేవు. అక్కడి గద్దలు చూపుతో వేటాడేవి గనుక, అలికిడి వినగానే కదలకుండా నిలిచిపోతే నాచురంగు ఈకలే దానిని కాపాడేవి. మనుషుల వెంట వచ్చిన పిల్లులు, ఎలుకలు, ముంగిసలాంటి స్టోట్‌లు మాత్రం వాసన పట్టి వస్తాయి. కాకపో ఒంటికేమో ఘాటైన తీపి వాసన. 1995 నాటికి 51 పక్షులే మిగిలాయి.

అక్కడి అడవుల్లోని రిము చెట్లు విరగకాసే ఏడాదే, అంటే రెండు నుంచి నాలుగేళ్లకొకసారి మాత్రమే, అవి జతకడతాయి. మగపక్షి నేలలో గిన్నెలాంటి గుంట చేసుకుని, గొంతు, రొమ్ము ఉబ్బించి, ఖాళీ కాగులోంచి వచ్చినట్లుండే ధ్వనిని రాత్రంతా చేస్తుంది. అది కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది. గుడ్లు పొదిగి పిల్లలను సాకేది ఆడపక్షి ఒక్కటే, అది మేతకు వెళ్లినప్పుడు గూటికి కాపలా ఉండదు.

మా వేపచెట్టు తొర్రలో పైడికంటెలనే చిన్న గుడ్లగూబల జంట ఉంటుంది. పొద్దుగూకి అవి అరవగానే, అపశకునమని పెద్దలు చెప్పిన మాట నమ్మి, మా వాడకట్టు పిల్లలు రాళ్లు అందుకుంటారు. మీ పేజీ చదివేదీ ఆ పిల్లలే గనుక, ఈ సవరణను అదే పేజీలో, బొమ్మతో సహా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

– విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, హనుమకొండ