ఆ చేప తొట్టెను కడగదు

సంపాదకులకు నమస్కారం.

మూడు వారాల క్రితం మీ ఆదివారం అనుబంధంలో ‘అక్వేరియం శుభ్రం చేసే వింత చేప’ అంటూ అరపేజీ వేశారు. ఆ రోజే రాద్దామని కూర్చున్నాను గానీ కోపంలో రాసింది నాకే బాగోలేక చింపేశాను. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

క్లీనర్ రాస్ అనే చేప పేరును ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని మీరు ‘వ్రాస్సే’ చేశారు. ఎవరు వ్రాశారో, ఎవరు దిద్దారో ఆ దేవుడికే తెలియాలి. పేరు సంగతి పోనివ్వండి. అది శుభ్రం చేసేది గాజు తొట్టెను కాదండీ, తోటి చేపల ఒంటిని. పగడపు దిబ్బలో ఒక చోటు చూసుకుని అక్కడే ఉంటుంది. గ్రూపర్లనే పెద్ద చేపలు, మలుగుపాములు దాని దగ్గరికి వచ్చి నోరు తెరుచుకుని నిలబడతాయి. వేలెడు పొడవున్న ఈ నీలిచార చేప వాటి నోట్లోకి, మొప్పల్లోకి దూరి పరాన్నజీవుల్ని ఏరుకు తింటుంది. ఒక్కో చేప రోజుకు 1200 దాకా తింటుందని ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో లెక్కతేల్చారు. అక్కడే కొన్ని దిబ్బల మీంచి వీటిని ఎనిమిదేళ్లకు పైగా తీసేస్తూ వచ్చి చూస్తే, మిగతా చేపల సంఖ్యా తగ్గింది, రకాలూ తగ్గాయి. తొట్టె గోడ మీది పాచితో దీనికి ఏ సంబంధమూ లేదు.

ఇక ‘మగ చేప ఆడగా మారిపోతుంది’ అన్న వాక్యం. అది క్లౌన్ చేప కథ, దీనికి తగిలించారు. ఇక్కడ జరిగేది తలకిందులు. ఒక మగ చేప, దాని చుట్టూ కొన్ని ఆడ చేపలు. ఆ మగది పోతే ఆడవాటిలో పెద్దది గంటల్లోనే మగ పెత్తనం మొదలుపెడుతుంది, రెండు మూడు వారాల్లో పూర్తిగా మగదైపోతుంది. నేను ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పాను. ఈ జవాబు రాసినవాడికి సున్నా వేసేవాణ్ణి.

ఫొటో అయితే మరీ ఘోరం. మీరు వేసింది దాని వేషం కట్టి తిరిగే బ్లెన్నీ చేపది. ఆ బ్లెన్నీ నోరు ముక్కు చివర ఉండదు, కిందికి ఉంటుంది. శుభ్రం చేస్తుందని నమ్మి దగ్గరికొచ్చిన చేపల రెక్కలు కొరుక్కుపోయే రకం అది. దొంగ ఫొటో వేసి కింద దొర పేరు రాశారు!

ఇంత కోపం ఎందుకంటే, విశాఖలో మా అల్లుడు వేలు పోసి సముద్రపు నీళ్ల తొట్టె పెట్టించాడు. మీ అరపేజీ చూపించి మా మనవడు ఆ చేప కొనిపించాడు. ‘ఏం తింటుంది’ అని అడిగితే దుకాణం వాడు ‘అదే చూసుకుంటుంది సార్’ అన్నాడట. పొడి మేత ముట్టలేదు. తొట్టెలో ఉన్న నాలుగు చేపల ఒంటి మీద దానికి తిండి ఎక్కడిది? పదమూడో రోజుకి పోయింది. పిల్లాడు ఇంకా ఏడుస్తున్నాడు.

సరే, ఇలాంటివి అమ్మడానికి ఏమైనా లెక్కాపత్రం ఉందా అని ఒక ఆఫీసుకు వెళ్లాను. అక్కడి పెద్దమనిషి ‘రొయ్యల చెరువు ఎన్ని ఎకరాలండీ మీది?’ అన్నాడు. చెరువు కాదు బాబూ, పగడపు దిబ్బ చేప అంటే ‘అది మా పరిధి కాదు’ అని టీ తాగడానికి వెళ్లిపోయాడు. లక్షద్వీప్‌లోనో అండమాన్‌లోనో పగడం ముక్క విరిస్తే వన్యప్రాణి చట్టం కింద కేసు. ఆ పగడపు దిబ్బ చేపల్ని కాచుకునే చేపను ప్లాస్టిక్ సంచిలో కట్టి అమ్మితే అడిగే నాథుడు లేడు.

ఒకప్పుడు మీ డెస్కు నుంచి మా కాలేజీకి ఫోన్ వచ్చేది, ‘మాస్టారూ, ఈ పురుగును తెలుగులో ఏమంటారు’ అని. ఆ ఫోన్ ఆగిపోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఇంగ్లీషులో ఏది కనబడితే దాన్ని మెషిన్‌లో వేసి తిప్పేస్తున్నట్టున్నారు.

సవరణ వేయదలిస్తే మొదటి పేజీ అడగను. రాశిఫలాల పక్కన వేయండి, అదైతే అందరూ చదువుతారు.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
కాకినాడ