పిలకాయల కాన్ఫరెన్సుకి చేయి వేసిన అందరికీ వందనాలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. ఒంగోలులో మా సంఘం పెట్టిన పిలకాయల కాన్ఫరెన్సు బాగా జరిగింది. వాక్యం చెప్పిన దైవజనులకు స్టేజీ మీదే శాలువాలు కప్పాం, ఫోటోలు దిగాం. స్టేజీ ఎక్కనివాళ్లకు చెప్పాల్సింది మిగిలిపోయింది. అందుకే ఈ పోస్టు.

తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లలతో వేగడం అంత తేలిక కాదు. యాక్షన్ సాంగ్స్ చేయమంటే "మేమేం చిన్నపిల్లలమా" అంటారు. యూత్ మీటింగులో కూర్చోబెడితే కునుకు తీస్తారు. అందుకే ఈసారి అచ్చంగా వీళ్లకోసమే పెట్టాం. మే నెల ఎండలో వాలంటీర్లు ఎవరొస్తారని చాలామంది పెదవి విరిచారు. కందుకూరు, సింగరాయకొండ, కావలి నుంచి తమ్ముళ్లు, చెల్లెళ్లు సొంత చార్జీలు పెట్టుకుని వచ్చేశారు.

తెల్లవారుజామున పిల్లల్ని ప్రార్థన కొండ ఎక్కించింది వీళ్లే. 1854 కొత్త సంవత్సరం రోజు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొరగారు కొద్దిమందితో అక్కడ మోకరించిన సంగతి కావలి తమ్ముడొకరు చెప్పాడు. అటునుంచి కరువు రోజులు, ఆయన తర్వాత ఒంగోలు వచ్చిన మిషనరీ క్లౌ దొరగారు, 1878 జూలై 3న గుండ్లకమ్మలో వెలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకోవడం. వెంటనే ఒక బుడతడు, "అంతమందికీ ఒక్కరే ఇచ్చారా? చేతులు పడిపోవూ?" అన్నాడు. ఆరుగురు బోధకులు, ఒక్కో విడతలో ఇద్దరు చొప్పున వంతులేసుకున్నారని తమ్ముడు చెప్పేసరికి, పిల్లలు అక్కడే కూర్చుని లెక్కలు మొదలుపెట్టారు. కిందికి దించేసరికి ఉప్మా చల్లారిపోయింది.

ప్రశ్నల పెట్టె దగ్గర కూర్చున్న అక్క గురించి చెప్పకపోతే ఈ పోస్టు రాసి ఉపయోగం లేదు. ఒక చీటీలో, నాన్న తాగొచ్చి అమ్మను కొడతాడు, ఇంకా ఎన్నాళ్లు ప్రార్థన చేయాలి అని ఉంది. పేరు లేదు. పెన్సిల్‌తో రాసి, చెరిపి, మళ్లీ రాసినట్టుంది. ఒక వాక్యం చదివి దాటేయొచ్చు. అక్క దాటేయలేదు. ఎవరు రాశారని అడగలేదు. "ఇందులో మీ తప్పేమీ లేదు. ప్రార్థన మానొద్దు, పెద్దవాళ్లకు చెప్పడమూ మానొద్దు. ఎవరికీ చెప్పలేకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు" అని అందరి ముందూ చెప్పింది. తర్వాత అందరికీ కనపడేలా వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. ఏం మాట్లాడుకున్నారో మాకూ తెలియదు.

ఏ పెద్దవాళ్లూ ఏ పిల్లతోనూ ఒంటరిగా గదిలో ఉండకూడదని రూల్ పెడితే, "మమ్మల్నే అనుమానిస్తారా" అని ఒకరిద్దరు చిన్నబుచ్చుకున్నారు. చిన్నబుచ్చుకున్నా పాటించారు, అందుకు థ్యాంక్స్. నన్నడిగితే ప్రతి సంఘంలోనూ ఈ రూల్ ఉండాలి. ఆడపిల్లల గదుల ముందు రాత్రంతా వంతులవారీగా మేలుకున్న స్త్రీల సమాజం పెద్దమ్మలకు ఎంత చెప్పినా తక్కువే. ఇల్లు గుర్తొచ్చి ఏడ్చిన పిల్లకి వాళ్లు అర్ధరాత్రి జడ విప్పి మళ్లీ వేశారు, నిద్రపట్టేదాకా.

నీళ్ల ట్యాంకరు రానిరోజు మాత్రం అందరికీ టెన్షనే. ఫోన్ చేస్తే దారిలో ఉన్నామన్న మాటే తప్ప బండి జాడ లేదు. మాకు షామియానా వేసిన భాయ్ తన ఇంటి బోరు నుంచి పైపు లాగి డ్రమ్ములన్నీ నింపించాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. భాయ్, మీ రుణం ఉంచుకోం, పెళ్లిళ్ల సీజన్లో కుర్చీలు మోయడానికి మా కుర్రాళ్లను పంపుతాం.

మజ్జిగ పోసిన చేతులకు, వంట మాస్టారికి, ఆటో అన్నలకు కూడా వందనాలు.

చివరగా ఒక మనవి. రెండు వాటర్ బాటిళ్లు, ఒక ఎడమకాలి చెప్పు, పేరు రాయని బైబిలు ఒకటి ఆఫీసు గదిలో ఉన్నాయి. ఎవరివో వాళ్లు ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి తీసుకెళ్లండి.