ఒక్క సంతకమే కదా అన్నాడు

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు మొదటి ఆదివారం వస్తే చాలు, పేపర్లన్నీ స్నేహం గురించి ఓ పేజీ నింపేస్తాయి. బాగానే ఉంటుంది, మేమూ చదువుతాం. కానీ మా వైపు స్నేహానికి అసలు పరీక్ష చీటీకి ష్యూరిటీ పెట్టేటప్పుడు వస్తుంది, దాని గురించి ఎవరూ రాయరు, అందుకే ఈ ఉత్తరం.

నేను ప్రభుత్వ టీచర్ని. చిట్ కంపెనీలకు మా జీతం సర్టిఫికెట్ అంటే మహా ప్రీతి. ఇంటర్ నుంచి నాతో ఒకే గదిలో ఉండి చదువుకున్నవాడు 5 లక్షల చీటీ వేశాడు, నెలకు 20 వేలు, 25 నెలలు. ఆరో నెలలోనే వేలంలో పాడుకుని డబ్బు తీసుకున్నాడు, మిగతా నెలలు కడతాడని హామీకే ష్యూరిటీలు. "ఒరేయ్, ముగ్గురు కావాలంటరా, ఫార్మాలిటీయే, ఒక్క సంతకం పడెయ్" అన్నాడు. స్టాఫ్‌రూమ్‌లో పిల్లల నోటుబుక్కుల దొంతర మీద పెట్టి పడేశాను. ఒక్కటి కాదు, ఎన్ని కాగితాలో లెక్క కూడా పెట్టలేదు, వాడి ఎదురుగా చదివితే ఏం బాగుంటుందని మొహమాటం.

పాడుకున్నాక 8 నెలలు కట్టి ఆపేశాడు. ఆ సంగతి నాకు తెలిసింది రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు వచ్చాకే, అదీ స్కూలుకి, హెడ్మాస్టర్ గారి చేతుల మీదుగా. ఫోన్ చేస్తే ఎత్తడు. ఇంటికెళ్తే వాడు లేడు, వాళ్లావిడ కాఫీ ఇచ్చి "ఏంటన్నయ్యా, బొత్తిగా రావడం మానేశారు" అంది. మాటల్లో తేలిందేమిటంటే, ఆ చీటీ ఇంకా పాడలేదనే అనుకుంటోంది, చివర్లో తీస్తే ఎక్కువొస్తుందని పిల్ల పెళ్లికి ఉంచామంది. నేనేం చెప్పను? సగం తాగిన గ్లాసు కిటికీలో పెట్టి వచ్చేశా.

ష్యూరిటీ అంటే సాక్షి సంతకం లాంటిదనుకునేవాళ్లు నాలాగే చాలామంది ఉన్నారు. కాదండీ. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్‌లోనే ఉంది, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప బాకీదారుడి బాధ్యత ఎంతో జామీను ఉన్నవాడిదీ అంతే. ముగ్గురం ఉన్నాం కదా, నా వంతు మూడోదే అనుకున్నా, మొత్తానికి ఎవర్ని పట్టుకున్నా చెల్లుతుందని లాయరు గారు చెప్పారు. చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర కేసు తేలితే జీతం ఎటాచ్‌మెంట్ దాకా, అంటే జీతంలోంచే కోసుకునేదాకా పోతుంది. నేను కట్టాక వాడి మీద దావా వేయొచ్చట. వాడి మీద కోర్టుకెళ్లడమా, ఆ మాటే మింగుడుపడలేదు.

నిజం చెప్పాలంటే నాకు డబ్బు కంటే ఎక్కువ మండింది వాడు దాచినందుకు. తప్పిన మొదటి నెలే వచ్చి "చేతులెత్తేశాన్రా" అంటే ఇద్దరం కలిసి ఏదో చేసేవాళ్లం. మా సైన్సు మాస్టారి స్నేహితుడు అలాగే ముందే వచ్చి చెప్పుకున్నాడు, అసలు బాకీ ఇంకా తీరలేదు గానీ ఇప్పటికీ సాయంత్రం ఒకే బండి దగ్గర టీ తాగుతారు.

మిగిలిన 2 లక్షల 20 వేలు నెలకు 10 వేల చొప్పున కడతానని నేనే రాసిచ్చాను. తొమ్మిది అయ్యాయి. మొన్న రైతుబజారు దగ్గర ఎదురయ్యాడు, నన్ను చూసి బండి వెనక్కి తిప్పుకున్నాడు. పిలుద్దామని నోటిదాకా వచ్చింది.

– ఓ ప్రభుత్వ ఉపాధ్యాయుడు, తెనాలి