పద్నాలుగు వాకిళ్ల కోట

క్లాగెన్‌ఫర్ట్, ఆస్ట్రియా,
ఆదివారం రాత్రి

ఒరేయ్ సూరీ,

ఎలా ఉన్నావు? అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? మీ ఘాట్ రోడ్డు పని ఎంతవరకు వచ్చింది? మొన్న నువ్వు పంపిన ఫొటోలో ఆ రాతి గోడ, దాని మలుపు చూశాక ఈ ఉత్తరం నీకు రాయక తప్పదనిపించింది. ఫోన్లో చెబితే సగంలో ఎవరో ఒకరు పిలుస్తారు. తీరిగ్గా కూర్చుని చదువు.

ఇవాళ హోఖోస్టర్‌విట్స్ కోటకి వెళ్లొచ్చాను. నేనుండే ఊరికి ఈశాన్యంగా, రైల్లో కాసేపే ప్రయాణం. చుట్టూ పచ్చిక, మొక్కజొన్న చేలు, చిన్న చిన్న పల్లెలు. వాటి మధ్య ఉన్నట్టుండి ఒక్కటే రాతిగుట్ట, నేలమీంచి దాదాపు 170 మీటర్లు నిటారుగా లేచి ఉంటుంది. దాని నెత్తిన కోట. రైలు కిటికీలోంచి మొదటిసారి చూసినప్పుడు మన భువనగిరి గుట్ట గుర్తొచ్చింది. ఇది నల్లరాయి కాదు, డోలమైట్, సున్నపురాయికి దగ్గర చుట్టం. ఈ ప్రాంతంలో ఇప్పటికీ స్లొవేన్ భాష మాట్లాడేవాళ్లున్నారు. వాళ్ల భాషలో ఈ కోట పేరు ‘ఒస్ట్రోవిత్స’, అంటే వాడిగా ఉన్న కొండ అని అర్థం. 860లో జర్మన్ రాజు లూయీ ఈ చోటుని సాల్జ్‌బర్గ్ ఆర్చిబిషప్పుకి దానమిచ్చిన పత్రంలోనూ ‘అస్టర్‌విత్స’ అనే రాశారు. ఎన్ని చేతులు మారినా పేరులోని ఆ వాడి పోలేదు.

చేతులు మాత్రం చాలానే మారాయి. అదంతా రాస్తే నీకు నిద్రొస్తుంది, ముఖ్యమైనది చెబుతాను. మొదట చాలాకాలం దీన్ని ఓస్టర్‌విట్స్ అనే వంశంవాళ్లు ఏలుకున్నారు. 1473 నుంచి పదేళ్లపాటు తురుష్క దండులు కరింథియా అనే ఈ ప్రాంతం మీద మళ్లీ మళ్లీ విరుచుకుపడ్డాయి. పల్లెలు తగలబెట్టారు, మనుషుల్ని పట్టుకుపోయారు. ఆ వంశంలో ఆఖరివాడు అలా బందీగా చిక్కి, 1476లో చెరలోనే చనిపోయాడు. పిల్లల్లేరు. కోట చక్రవర్తి పరమైంది. ఎదురుగా కొండమీద కోట ఉండి కూడా కింద పల్లెల్ని కాపాడలేకపోయిన ఆ పదేళ్లని ఇక్కడి జనం తరతరాలు మర్చిపోలేదనుకుంటాను. తర్వాత వచ్చినవాడు కట్టిన కట్టడం చూస్తే ఆ భయమే కనిపిస్తుంది.

ఆ వచ్చినవాడు గియోర్గ్ కెవెన్‌హ్యూల్లర్, కరింథియా గవర్నరు. 1541 నుంచే కోట ఆ కుటుంబం చేతిలో ఉంది. 1571లో ఇతను సొంతంగా కొనుక్కున్నాడు. కొన్నాక చేసిన పని చూడరా! సాధారణంగా ఎవరైనా పైన గోడలు పెంచుతారు, బురుజులు కడతారు. ఇతను పైకెళ్లే దారినే కోటగా మార్చేశాడు. కొండ చుట్టూ మెలికలు తిరుగుతూ వెళ్లే 620 మీటర్ల బాట, దానిమీద పద్నాలుగు ద్వారాలు. లెక్క వేసుకో, సగటున నలభై నాలుగు మీటర్లకో గుమ్మం. 1586 కల్లా పని పూర్తయింది.

నేను లిఫ్టు ఎక్కకుండా నడిచే వెళ్లాను, ఒక్కో గుమ్మం దగ్గరా ఆగుతూ. ఒకదానిలా ఇంకోటి లేదు. ఒకచోట ఎత్తుడు వంతెన, కింద లోయ. ఒకచోట పైనుంచి జారవిడిచే ఇనుప మొనల కటకటాలు. తుపాకీ కన్నాలు నువ్వు వచ్చే దారికే సరిగ్గా గురిపెట్టి ఉంటాయి. ఒక గుమ్మం దాటి హమ్మయ్య అనుకునేలోపు పైబాటలోని వాళ్లకి నువ్వు పూర్తిగా కనిపిస్తావు. ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క లోయ, దాక్కునే చోటు లేదు. పేర్లు కూడా ముచ్చటగా ఉన్నాయి. మొదటిది జెండా పట్టేవాడి ద్వారం, తర్వాత కావలివాళ్లది. ఆ పైన దేవదూత, సింహం, ఆయుధాలు, వంతెన, చర్చి, ఇలా. ఏడోది ఆయన వంశం పేరిటే ఉంది, 1582 నాటిది. అన్నిట్లోకీ అందమైనది అదే. అంత కరకు పనిలో ఉండి కూడా ఆ కమాను తీర్చిన చెయ్యి ఎంత ఓపికైనదో! నువ్వుంటే కదిలేవాడివి కాదు.

అక్కడే మనం ఇంజినీరింగులో ఉండగా గోల్కొండ ఎక్కిన రోజు గుర్తొచ్చింది. ఎనిమిది నెలలు నిలబడ్డ కోట, 1687లో లోపలివాడే తలుపు తీస్తే పోయిందని నువ్వు ఎంత బాధపడ్డావో నాకు ఇంకా జ్ఞాపకం. ఇక్కడ ఒక్కడు తలుపు తీస్తే సరిపోదురా, తియ్యాల్సినవి ఇంకా పదమూడుంటాయి.

ఒక కథ కూడా విను. టిరోల్ రాకుమారి మార్గరెట్ మౌల్టాష్ కోటని ముట్టడించిందట. లోపల తిండి అయిపోయింది. మిగిలింది ఒక్క ఎద్దు, కాసిని గింజలు. ఆ ఎద్దుని కోసి, పొట్టనిండా గింజలు కూరి కొండమీంచి కిందికి విసిరేశారట. ‘పారేసేంత తిండి ఉందంటే వీళ్లు ఇప్పట్లో లొంగరు’ అనుకుని ఆవిడ డేరాలు ఎత్తేసిందట. ఫ్రాన్సులో కార్కసోన్ కోటకీ ఇలాంటి కథే ఉంది, అక్కడ పంది. కాబట్టి దీన్ని చరిత్ర అనలేను. కానీ 1335లో కరింథియాని ఏలిన ఆవిడ తండ్రి పోయాక అది ఆమెకి దక్కకుండా హాబ్స్‌బర్గు రాజవంశం పాలైన మాట నిజం. పోయిన రాజ్యం కోసం కోపంగా వచ్చిన ఆడపిల్లగా జనం ఆమెని గుర్తుపెట్టుకోవడం నాకు చాలాసేపు మనసులో మెదిలింది.

పైన ఆయుధశాల, ఆనాటి కవచాలు ఉన్నాయి. అవి త్వరగానే చూసేశాను. నన్ను నిలబెట్టేసింది 1576 నాటి పాలరాతి ఫలకం. ఈ కోట తన వంశం చేతుల్లోంచి పోకూడదని గియోర్గ్ తన కోరికని దానిమీద చెక్కించాడు. ఇన్నేళ్లయినా కోట ఆ కుటుంబానిదే. ఏ సైన్యమూ దీన్ని పట్టుకోలేదు. ఏ తురుష్కుల కోసం అంత కట్టాడో వాళ్లు మళ్లీ ఈ కొండ కిందికి రానేలేదు. అన్ని గుమ్మాలూ ఇవాళ్టికీ నిలబడి ఉన్నాయి.

దిగేటప్పుడు ఒక అనుమానం పట్టుకుంది, నీకే తెలుస్తుంది. ఉన్నది ఒక్కటే బాట. రాయి, సున్నం, ఇసుక, దూలాలు అన్నీ దానిమీదే పైకి వెళ్లాలి. కింది గుమ్మం ముందు కడితే పైవాటి సామానంతా ఆ ఇరుకులోంచే దూరాలి. పైది ముందు కడితే కింద ఏళ్ల తరబడి కాపలా ఉండదు. ఈ పని నీకు అప్పగిస్తే ఎక్కడ మొదలుపెడతావు? బొమ్మ గీసి మరీ రాయి.

నీ
మురళి